సాగనంపిన దారిలో

నేటి వాక్యభాగం: ఆదికాండము 18:16–33, 19:27–29

మన ఇళ్లలో చుట్టాలు లేచి బయల్దేరాకే అసలు మాటలు మొదలవుతాయి. లోపల కూర్చున్నంతసేపూ వానలు, ధరలు, పిల్లల మార్కులు. "ఇక వెళ్లొస్తాం" అని చెప్పుల్లో కాళ్లు పెట్టాక, గేటు దగ్గర కాసేపు, రోడ్డు మీద బస్సు కోసం నిలబడి ఇంకాసేపు... అప్పుడు బయటికొస్తాయి తప్పిపోయిన సంబంధం సంగతి, తీరని అప్పు సంగతి, డాక్టరు మెల్లగా చెప్పిన సంగతి. అందుకే మా అమ్మ ఎవరినీ గుమ్మం దగ్గర వదిలేసేది కాదు. బస్సెక్కేదాకా వెంట వెళ్లేది. "సాగనంపకపోతే వాళ్ల కడుపులో మాట కడుపులోనే ఉండిపోతుందిరా" అనేది.

అబ్రాహాముకూ ఈ అలవాటుంది. మమ్రే సింధూరవనం దగ్గర, మిట్టమధ్యాహ్నపు ఎండలో, ముక్కూ మొహం తెలియని ముగ్గురు మనుషులు కనబడ్డారు. 99 ఏళ్ల మనిషి పరుగెత్తి ఎదురెళ్లాడు. కాళ్లకు నీళ్లు, కూర్చోవడానికి చెట్టు నీడ, శారా చేతి రొట్టెలు, లేత దూడ మాంసం, వెన్న, పాలు. వాళ్లు తింటున్నంతసేపూ తాను చెట్టు కింద నిలబడే ఉన్నాడు. ఇదంతా మనం బడి వయసు నుంచీ విన్నదే. కానీ భోజనాలయ్యాక వచ్చే పదహారో వచనాన్ని గబగబా దాటేస్తాం. వాళ్లు లేచి సొదొమ వైపు చూశారు. అబ్రాహాము వాళ్లను సాగనంపడానికి వెంట నడిచాడు.

ఆ నడకలోనే, ఆ ముగ్గురిలో ఒకడిగా వచ్చిన దేవుడు తన మనసులో మాట చెప్పాడు. తాను చేయబోయేది ఈ మనిషి దగ్గర దాచడమెందుకని తనలో తాను అనుకుని, సొదొమ మీద వచ్చిన మొర గురించి బయటపెట్టాడు. విందు పెట్టినప్పుడు వచ్చింది శారాకు కొడుకు పుడతాడన్న కబురు. అది సొంత ఇంటి కబురు. సాగనంపేటప్పుడు వచ్చింది ఊరివాళ్ల కబురు. అబ్రాహాము గుడారపు గుమ్మం దగ్గరే ఆగిపోయి ఉంటే మొదటి కబురు మాత్రం దక్కేది, రెండోది దక్కేది కాదేమో. ఇది వాక్యంలో రాసిలేదు, నా ఊహ. కానీ నాకు ఈ ఊహ వదలడం లేదు.

తర్వాత జరిగింది మీకు తెలుసు. మిగతావాళ్లు ముందుకు సాగిపోయారు, అబ్రాహాము మాత్రం దేవుని ఎదుట అలాగే నిలబడ్డాడు. ఊళ్లో యాభైమంది నీతిమంతులుంటే ఊరిని కాపాడవా అని అడిగాడు. కాపాడతానన్నాడు దేవుడు. నలభై అయిదుగురైతే? నలభై? ముప్పై? ఇరవై? పది? ఆరుసార్లు అడిగాడు, ఆరుసార్లూ సరేనన్న జవాబే వచ్చింది. దీన్ని కొందరు బోధకులు కూరగాయల బజారు బేరంతో పోలుస్తారు, సంఘం నవ్వుతుంది. నాకు ఆ పోలిక నచ్చదు. బేరమాడేవాడికి చివర సంచిలో ఏదో ఒకటి పడాలి. ఇక్కడ అబ్రాహాము సంచిలో పడేదేమీ లేదు. పైగా ఒక్కో మెట్టు దిగుతున్నప్పుడూ, ధూళీ బూడిదా అయిన నేను మాట్లాడుతున్నాను, కోపగించుకోకు అని జంకుతూనే దిగాడు.

ఏమీ లేదని ఎలా అంటావు, లోతు లేడా అని మీరడగవచ్చు. ఉన్నాడు. తోడబుట్టినవాడి కొడుకు, చేతులమీద పెరిగినవాడు, కుటుంబంతో సహా ఆ ఊళ్లోనే ఉన్నాడు. కానీ ఈ ప్రార్థన మొత్తం మళ్లీ చదవండి. లోతు పేరు ఎక్కడా లేదు. "మావాడొకడు అక్కడున్నాడు, వాడిని బయటికి తీసుకొచ్చెయ్, తర్వాత నీ ఇష్టం" అని అడగడం ఎంత సులువు! నేనైతే అదే అడిగేవాణ్ని. మీరు కూడా, ఏమనుకోకండి, అదే అడిగేవారు. అబ్రాహాము మాత్రం ఊరంతటినీ అడిగాడు. మనసులో లోతు లేడని నేననను. ఉండే ఉంటాడు. కానీ ఆ సొంత బాధను తీసుకెళ్లి అందరి బాధలో కలిపేశాడు, ఏది ఎవరిదో విడదీయడానికి వీల్లేనంతగా.

నిజం చెప్పాలంటే ఆ ఊరివాళ్లు ఆయనకు పూర్తిగా తెలియనివాళ్లు కూడా కారు. కొన్నేళ్ల ముందు శత్రురాజులు వాళ్లను చెరపట్టి తీసుకుపోతే, తన ఇంట పుట్టిన 318 మంది పనివాళ్లను వెంటబెట్టుకుని వెళ్లి విడిపించుకొచ్చాడు. సొదొమ రాజు సొమ్ము ఇవ్వబోతే నూలుపోగు కూడా ముట్టలేదు. అంటే ఒకసారి మొహాలు చూశాడు. పేర్లు తెలిసి ఉండవు. మన బస్టాండుల్లో, ఆసుపత్రి వరండాల్లో, టోల్‌గేటు దగ్గర క్యూలో మనం చూసే మొహాల్లాగే.

మా ఇల్లు ఒంగోలు శివార్లలో, హైవే శబ్దం వినబడేంత దూరంలో ఉండేది. రాత్రి కుటుంబ ప్రార్థనలో నాన్న వాక్యం చదివేవాడు, ప్రార్థన అమ్మది. ఆ ప్రార్థనకు మేం పిల్లలం పెట్టుకున్న పేరు "బస్సు జాబితా". ఎందుకంటే ఆ రోజు అమ్మ ఎక్కడెక్కడ ఎవరెవరిని చూసిందో వాళ్లంతా అందులోకి వచ్చేసేవారు. "కొత్తపట్నం బస్సులో ఏడుస్తూ కూర్చున్న నీలం చీరావిడ, ఆమెవరో నీకు తెలుసు ప్రభువా." "చెప్పులు లేకుండా ఐసు పుల్లలు అమ్ముతున్న పిల్లాడు, వాడి పేరు నీకు తెలుసు." పక్కన పప్పు చల్లారిపోతూ ఉండేది. 2005లో 108 అంబులెన్సులు వచ్చాక జాబితా ఇంకా పెరిగింది. సైరన్ వినబడితే అమ్మ చేస్తున్న పని ఆపేసేది. చింతపండు పిసుకుతుంటే ఆ చెయ్యి గిన్నెలోనే ఉండేది, పెదాలు మాత్రం కదిలేవి. శబ్దం దూరమై వినబడకుండా పోయాక మళ్లీ పిసకడం మొదలుపెట్టేది.

ఒక ఏడాది క్రిస్మస్‌కు వారం ముందు మా నాలుగు కోళ్లూ మాయమయ్యాయి. పండక్కని పెంచుకున్నవి. ఆ రాత్రి జాబితాలో "మా కోళ్లెత్తుకుపోయినవాడు" కూడా వచ్చాడు. నాన్న ఒక కన్ను తెరిచాడు. "వాడికి బాగా అరగాలనా?" అన్నాడు. మేం నోట్లో చెయ్యి పెట్టుకుని నవ్వు ఆపుకున్నాం. అమ్మ ఆగలేదు. ఏ అవసరమొచ్చి ఆ పని చేశాడో, వాడింట్లో పిల్లలున్నారేమో, వాడికి పట్టుబడే భయం లేని తిండి దొరకాలని అడిగి ముగించింది. నాన్న ఆమేన్ అయితే అన్నాడు గానీ, మామూలు కంటే కొంచెం ఆలస్యంగా అన్నాడు.

పేరు తెలియని మనిషి కోసం ప్రార్థించడం గొప్పపనేమీ కాదని అమ్మ అనుకునేది. కష్టమైన పనని మాత్రం అనేది. తెలిసినవాళ్ల విషయంలో ప్రేమే మాట అందిస్తుంది. తెలియనివాళ్ల విషయంలో మొదట మాటే ఉండదు. వాళ్లను చూడాలి, ఒక్క నిమిషం వాళ్ల చోట నిలబడాలి, అప్పుడు గానీ ఏమడగాలో తోచదు. ప్రార్థన వెనకున్న ఉద్దేశం అంటే ఆ నిమిషమే. మిగతాది నోటి పని.

నోటి పని గురించి నాకు బాగా తెలుసు. మా సంఘానికి వాట్సాప్‌లో ప్రార్థన మనవుల గ్రూపు ఒకటుంది. ఎవరికి ఆపరేషన్ అయినా, ఎవరి బిడ్డకు వీసా ఇంటర్వ్యూ ఉన్నా అందులో పెడతారు. రెండేళ్ల కిందట ఒక చెల్లెమ్మ, వాళ్ల తోడికోడలి తమ్ముడికి డెంగీ వచ్చి ప్లేట్‌లెట్లు పడిపోయాయని రాసింది. నేను సిగ్నల్ దగ్గర బండి ఆపి ఉన్నాను. "ప్రార్థిస్తున్నానమ్మా" అని కొట్టి, రెండు చేతులు జోడించిన బొమ్మ పెట్టాను. పచ్చలైటు పడింది, వెళ్లిపోయాను. అంతే. ఆదివారం ఆరాధన అయ్యాక ఆ చెల్లెమ్మ ఎదురొచ్చి, "మీరందరూ ప్రార్థించారు కదన్నా, నిన్న డిశ్చార్జి చేశారు" అంది కళ్లనిండా నీళ్లతో. నేను "దేవునికి స్తోత్రం" అన్నాను. స్తోత్రం దేవునికే చెందాలి, సందేహం లేదు. నేను చేసిందేమీ లేదు కాబట్టి అందులో నా వాటా అసలే లేదు. అప్పటినుంచీ ఒక నియమం పెట్టుకున్నాను: ముందు ప్రార్థన, తర్వాతే టైపు చెయ్యడం. దీనివల్ల గ్రూపులో నా పేరు బాగా తక్కువ కనబడుతోంది. కాపరిగారు ఒకసారి, "ఏం బ్రదర్, ఈమధ్య చల్లబడ్డారు?" అని కూడా అడిగారు.

ఇంతకన్నా ప్రమాదమైనది ఇంకొకటుంది. లూకా 18లో దేవాలయానికి వెళ్లిన పరిసయ్యుడు కూడా తన ప్రార్థనలో ఒక అపరిచితుణ్ని తలచుకున్నాడు. ఉపవాసం, దశమభాగంతోపాటు వెనక నిలబడ్డ సుంకరి సంగతీ దేవునికి చెప్పాడు. అయితే ఆ సుంకరి కోసం కాదు, ఆ సుంకరిలాంటివాణ్ని కానందుకు. మన ప్రార్థనల్లోకి వచ్చే "వాళ్లు" చాలాసార్లు ఇలాగే వస్తారు. తాగుబోతులు, వేరే నమ్మకం వాళ్లు, మన వీధికి అవతలివాళ్లు. వాళ్లు మారాలని అడుగుతాం. వాళ్ల నొప్పి తగ్గాలని అడగడం గుర్తుకు రాదు. ఒకరి కోసం ప్రార్థించి లేచాక వాళ్లు మనకంటే చిన్నగా కనబడితే, ఆ ప్రార్థనలో మనం ఎక్కడో సుంకరికి ముందు వరసలో నిలబడ్డామన్నమాట.

ఒంగోలులో ఒక కొండ ఉంది, ప్రార్థన కొండ అంటారు. సండే స్కూలు పిల్లలుగా మమ్మల్ని ఒకసారి ఎక్కించారు. అప్పుడు మాకు పైన తినబోయే పులిహోర మీదే ధ్యాస. కొండ కథ పెద్దయ్యాక అర్థమైంది.

1836లో మొదలైన అమెరికన్ బాప్టిస్టుల తెలుగు మిషన్‌కు నెల్లూరులో ఒక్కటే కేంద్రం. ఏళ్లు గడిచినా చేతికొచ్చిన ఫలితం చాలా కొద్ది. 1853లో అమెరికాలో ఆల్బనీ పట్టణంలో సమావేశమైనవాళ్లు ఈ మిషన్‌ను కొనసాగించాలా, మూసెయ్యాలా అని చర్చించారు. ఆ మరుసటి ఏడాది మొదటిరోజు, 1854 జనవరి 1న, తెల్లవారుతుండగా అయిదుగురు ఆ కొండెక్కారు. లైమన్ జ్యూవెట్ దొర, ఆయన భార్య, వాళ్లతో నెల్లూరు నుంచి వచ్చిన ముగ్గురు తెలుగువాళ్లు: నర్సు, జూలియా, రూత్. కింద ఒంగోలు. ఆ ఊళ్లో వాళ్లకు చుట్టాలు లేరు, సంఘం లేదు. ఆ ఊరి కోసం, ఆ ఊరికి ఒక సేవకుణ్ని పంపమని, ఒకరి తర్వాత ఒకరు ప్రార్థించి కిందికి దిగి వెళ్లిపోయారు.

ఆ ఏడాది ఎవరూ రాలేదు. ఆ పై ఏడాదీ రాలేదు. జాన్ క్లౌ దొర ఒంగోలులో కాపురం పెట్టింది 1866లో, అంటే పన్నెండేళ్లకు. అదే ఏడాది, ఒంగోలుకు పడమట చాలా దూరంలో ఉన్న తాళ్లకొండపాడు అనే పల్లె నుంచి ఎర్రగుంట్ల పేరయ్య అనే మాదిగ పెద్ద బాప్తిస్మం పొందాడు. తోళ్ల వ్యాపారం మీద ఊళ్లు తిరిగేటప్పుడు సువార్త చెవిన పడి, తనే వెతుక్కుంటూ వచ్చినవాడు. ఈ ముక్క చదివినప్పుడల్లా నేను ఆగిపోతాను. ఆ అయిదుగురూ కొండ మీద నిలబడి చూసింది ఒంగోలు పట్టణాన్ని. జవాబు మాత్రం వాళ్ల కంటికి ఆనని దూరంలో, ఊరికి బయట ఉంచిన పేటల నుంచి నడిచొచ్చింది.

ఆ తర్వాత 1876–78 కరవు, క్లౌ దొర బకింగ్‌హాం కాలువలో ఒక భాగం తవ్వే కాంట్రాక్టు తీసుకుని ఆకలితో ఉన్నవాళ్లకు కూలి దొరికేలా చెయ్యడం, కరవు సాగినన్నాళ్లు తిండి కోసం చేరుతున్నారన్న మాట రాకుండా బాప్తిస్మాలు ఆపేయడం, చివరికి 1878 జూలై 3న గుండ్లకమ్మ నీళ్లలో ఒక్కరోజే 2,222 మంది... ఇదంతా మన సభల్లో చెప్పీ చెప్పీ అరిగిపోయిన చరిత్ర. మనకు 2,222 అంటే ఇష్టం. కొండ మీది అయిదు అంటే అంత ఇష్టం లేదు. అబ్రాహాము లెక్క మాత్రం పెద్ద అంకె నుంచి చిన్న అంకెకు దిగుతూ పోయింది, దేవుడు ఏ మెట్టు దగ్గరా చాలదనలేదు.

ఇక నా సంగతి ఒకటి చెప్పాలి, సిగ్గుపడే సంగతే. హైదరాబాదు వచ్చాక అమ్మ అలవాటు నేనూ మొదలుపెట్టాను. ఆఫీసుకు వెళ్లే సిటీబస్సులో, సీటు దొరికిన రోజున, కళ్లు మూసుకుని బస్సులో ఉన్నవాళ్లందరి కోసం ప్రార్థించేవాణ్ని. డ్రైవరు, కండక్టరమ్మ, కాలేజీ పిల్లలు, కూలిపనికి వెళ్లేవాళ్లు. కొన్ని రోజులు చాలా బాగుండేది, మనసు తేలికయ్యేది. ఒకరోజు అలాగే మునిగిపోయి ఆమేన్ అనుకుని కళ్లు తెరిచేసరికి, నా సీటు పక్కనే చంకలో పసిపిల్లతో ఒక అమ్మాయి కడ్డీ పట్టుకుని వేలాడుతోంది. ఎన్ని స్టాపుల నుంచి నిలబడిందో తెలియదు. నేను లేవబోయేలోపు వెనక సీట్లోంచి ఒక పెద్దావిడ లేచి, "రా బిడ్డా, కూసో" అని పిలిచి కూర్చోబెట్టింది. లేస్తూ లేస్తూ నావైపు ఒక చూపు చూసింది. ఆమెకు నేను నిద్ర నటిస్తున్నవాడిలా కనబడి ఉంటాను. ఒకరకంగా ఆమె అనుకున్నది తప్పు కాదు.

అవతలివాడికి బట్టా తిండీ లేనప్పుడు, వెచ్చగా ఉండు, కడుపునిండా తిను అని నోటితో పంపేస్తే ఏం లాభమని యాకోబు పత్రిక రెండో అధ్యాయం అడుగుతుంది. చాలాకాలం ఆ మాట ప్రార్థించనివాళ్లకు అనుకున్నాను. ప్రార్థించేవాళ్లకే ఎక్కువ వర్తిస్తుందని బస్సులో తెలిసింది. అబ్రాహాము ముందు కాళ్లకు నీళ్లిచ్చాడు, తర్వాతే నిలబడి అడిగాడు. ఇప్పుడు నేను బస్సులో ప్రార్థన కళ్లు తెరుచుకునే చేస్తాను. ఏకాగ్రత తక్కువే, మధ్యలో చాలాసార్లు లేవాల్సి వస్తుంది.

అయినా నాకు ఈ పాఠం సరిగ్గా నేర్పింది బస్సు కాదు, ఒక ఐసీయూ బయటి హాలు. నాన్నకు గుండె జబ్బు ముదిరి నగరంలో ఒక ఆసుపత్రిలో చేర్చాం. ఐసీయూ బయట హాల్లో కుర్చీలు, నేలమీద చాపలు, ఫ్లాస్కులు, చార్జింగ్ కోసం గోడకు వేలాడే ఫోన్లు. లోపలినుంచి తలుపు తెరుచుకున్నప్పుడల్లా అందరూ లేచి నిలబడతారు. అక్కడ ఎవరికీ పేర్లుండవు. "ఏడో నంబరు వాళ్లు!" అని కేకేస్తారు, మందుల చీటీ చేతిలో పెడతారు, పరుగెత్తాలి. మూడు రోజులు నేను ఏడో నంబరు వాణ్ని. ఆ మూడు రోజులూ నేను చేసిన ప్రార్థన ఒకటే: నాన్నను ఇవ్వు. నాన్నను ఇవ్వు. లోపల ఎనిమిది పడకలున్నాయి. నా ప్రార్థనలో ఒక్క పడకే ఉంది.

మూడో రోజు సాయంత్రం పక్కన కుర్చీలో ఉన్న ఒక ముస్లిం పెద్దావిడ, చేతిలో తస్బీ, అంటే జపమాల, తిప్పుతూనే, "ఏడో నంబర్‌కి బీపీ నిలబడిందా బేటా?" అని అడిగింది. ఈమెకెలా తెలుసని నా మొహంలో కనబడినట్టుంది. "నిన్న పొద్దున పిలిస్తే చెప్పులు కూడా వేసుకోకుండా ఉరికినవ్ గదా, అప్పటిసంది దువా చేస్తున్న. పేరు నాకు తెల్వదు. సాత్ నంబర్ అంటే అల్లాకు తెల్సు కదా" అంది. నిలబడిందమ్మా, ఇవాళ కొంచెం నయమన్నారు అని చెప్పాను. "అల్‌హమ్‌దులిల్లా" అని కళ్లకు అద్దుకుంది, సొంత అన్నకు నయమైనట్టు.

అమ్మ ప్రార్థన ఇంకో నోట విన్నట్టయింది నాకు. నీలం చీరావిడ ఎవరో నీకు తెలుసు. ఏడో నంబరు ఎవరో నీకు తెలుసు. అబ్రాహామును వాళ్లు ఇబ్రహీం అంటారు, ఆయన వాళ్లకూ పితరుడే. నేను ఇరవై ఏళ్లుగా ఆ పద్దెనిమిదో అధ్యాయం మీద వాక్యం చెబుతున్నాను, ఆమె పక్క కుర్చీలో కూర్చుని దాన్ని చేసి చూపింది.

ఆ రాత్రే నాన్నను వార్డుకు మార్చారు. స్ట్రెచరు వెంట పరుగెత్తడం, సామాను మోయడం, బిల్లులు, హడావిడి. తెల్లవారి టీ ఫ్లాస్కు పట్టుకుని ఐసీయూ హాలుకు వెళ్తే ఆ కుర్చీలో వేరే ఎవరో ఉన్నారు. సెక్యూరిటీ అతన్ని అడుగుదామంటే ఏమని అడగాలి? ఆమె పేరు నాకు తెలియదు. అది పర్వాలేదు, నా పేరూ ఆమెకు తెలియదు. కానీ ఆమె మా నంబరు తెలుసుకుంది. ఆమె వాళ్లది ఎన్నో నంబరో నేను అడగలేదు.

మర్నాడు తెల్లవారగానే అబ్రాహాము తాను ముందురోజు నిలబడ్డ చోటికే వెళ్లి సొదొమ వైపు చూశాడని రాసి ఉంది. ఆయనకు కనబడింది పొగ. కొలిమి పొగలాంటి పొగ. పదిమంది దొరకలేదు. ఆ వెంటనే వచ్చే వచనంలో, దేవుడు అబ్రాహామును జ్ఞాపకం చేసుకుని లోతును ఆ నాశనంలోనుంచి తప్పించాడని మనకు చెబుతారు. మనకు చెబుతారు. అబ్రాహాముకు ఎవరైనా చెప్పారా లేదా ఆ అధ్యాయం చెప్పదు. ఆయన నోరు తెరిచి అడిగింది జరగలేదు, అడగకుండా లోపల మోసింది జరిగింది. ఆయన మాత్రం పొగ చూసి వెనుదిరిగాడు, అక్కడినుంచి దక్షిణాదికి ప్రయాణం కట్టాడు.

అక్కడితో అయిపోతే ఆయన మరీ ఎత్తైన మనిషి అయిపోయేవాడు. ఇరవయ్యో అధ్యాయంలోనే తప్పటడుగు ఉంది. గెరారు చేరి, ఈ కొత్త ఊళ్లో దేవుని భయం ఉండదు, నన్ను చంపేస్తారు అనుకుని, భార్యను చెల్లెలని చెప్పాడు. నిన్నటి అపరిచితుల కోసం ఆరుసార్లు బతిమాలినవాడే, ఇవాళ్టి అపరిచితులను ఒక్కసారి కూడా నమ్మలేదు. చివరికి ఆ ఊరి రాజు అబీమెలెకు కోసం, ఆ ఇంటి స్త్రీల గర్భాలు తెరవబడాలని, ఈయనే ప్రార్థించాల్సి వచ్చింది. దేవుడు విన్నాడు. సొంత గుడారంలో శారా ఒడి ఇంకా ఖాళీగానే ఉంది. తర్వాతి అధ్యాయంలో ఇస్సాకు పుడతాడు నిజమే. పక్కింటి కోసం అడిగితే మనింట్లో జరుగుతుందని దీన్ని సూత్రం చేసి అమ్మేవాళ్లున్నారు, నేను చెయ్యను. ఇస్సాకు మాట ముందే ఇచ్చినది. నాకు కనబడేది ఆ మధ్యలో ఉన్న ముసలాయన: తన ఇంట ఉయ్యాల లేకుండానే వేరేవాళ్ల ఉయ్యాలల కోసం చేతులెత్తినవాడు.

ప్రార్థన

ప్రభువా, పొద్దున సిగ్నల్ దగ్గర నా వెనకే హారన్ కొడుతూ వచ్చిన ఆ ఆటో అతను. అంత తొందరేమిటో నీకు తెలుసు. మందుల షాపులో చీటీ చూపించి సగం మాత్రలే ఇవ్వమన్న ఆ తాత. మిగతా సగం సంగతి నీకు తెలుసు. పది గంటలప్పుడు మా వీధి చివర వినబడిన సైరన్. అందులో పడుకున్నవాళ్లు, పక్కన కూర్చుని చెయ్యి పట్టుకున్నవాళ్లు, ట్రాఫిక్‌లో దారి ఇవ్వని మేము. ఎప్పుడో మా కోళ్లు పట్టుకెళ్లినవాడు, ఇప్పటికి ముసలివాడయి ఉంటాడు. బస్సులో లేచి సీటిచ్చిన పెద్దావిడ. ఆసుపత్రి హాల్లో తస్బీ తిప్పుతూ కూర్చున్న ఆమె, లోపల ఆమె ఎవరి కోసం కూర్చుందో ఆ మనిషి. నంబరు నేను అడగలేదు. నీకు తెలుసు. ఆమేన్.